గోపురం కనబడగానే విప్పిన బూట్లు

తిరుపతి,
14-8-1998

నాయనకు, అమ్మకు హేమావతి నమస్కారాలు.

ఆదివారం పరుగుపందెంలో నేను దారి మధ్యలో కూలబడ్డానని పాలవ్యాను అన్న మన ఊళ్లో చెప్పే ఉంటాడు. కూర్చున్న మాట నిజమే గానీ కాలు బెణికి కాదు. పందెం ముగిసేది తిరుచానూరు గుడి దగ్గర. అందరికంటే ముందు నేనే ఉన్నాను. గోపురం కనబడగానే, బూట్లతో ఎట్లా పోయేదని చెయ్యి దానంతటదే లేసుల మీదికి పోయింది. అవి విప్పేలోగా నలుగురు దాటిపోయారు. మా కోచ్ జయచంద్ర సారు జీపులోంచి ఒకటే కేక: "ఏమ్మే, దండం మళ్లా పెట్టుకుందువులే, పరిగెత్తు!" రోజూ అలిపిరి మెట్లు ఉత్త కాళ్లతోనే ఎక్కుతాను కదా, బూట్లు పోయాక ఒళ్లు తేలికైంది. నలుగురినీ దాటి మొదట వచ్చాను. "ఇంగ నీకు బూట్లే వద్దు, యాడ ఇప్పినావో ఆడ్నే వదిలేసి రా" అని సారు నవ్వినాడు. బహుమతిగా ఇచ్చిందేమో కొత్త బూట్లు!

ఎర్రావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి పంపండి, హాస్టల్లో సంగటి ముఖమే చూడలేదు. అవ్వకు దండాలు.

నాయనా, నేను గెలిచేదాకా చెప్పులు వేసుకోనని కాణిపాకం స్వామికి మొక్కుకుని, ఇన్నాళ్లూ శెనిక్కాయ చేలో ముళ్లు తొక్కినావు. మొక్కు తీరింది, పోయి టెంకాయ కొట్టు. బూట్ల అంగడాయన ఆ బహుమతి బూట్లను నీ సైజుకు మార్చిస్తానన్నాడు. కాగితం మీద పాదం పెట్టి, అమ్మ చేత చుట్టూ గీయించి పంపు. కవరులోనే పంపు, కార్డులో నీ పాదం పట్టదు.

నీ బిడ్డ
హేమావతి