బఫింగులో పోయిన అక్షరాలు

ఆగస్టు 3

వాడు నా బల్ల దగ్గర కూర్చున్నాడు! మా వాసు! రోల్డుగోల్డు పని నా వల్ల కాదని ఉయ్యూరు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినవాడు... ఇన్నేళ్ళకి నా పక్కన, నా స్టూలు మీద. చేతిలో ఉన్నది గాజులు కాదులే, పాత ఎయిర్ పిస్టల్. దివిసీమలో ఎవరిదో ఇల్లు పడగొడుతుంటే అటక మీద దొరికిందట, కొనుక్కొచ్చాడు. బాగుచేసి, సరదా ఉన్నవాళ్ళకి అమ్ముతాడట. ఏదైతేనేం! "నాన్నా, నీ ఆకురాయి ఓసారిస్తావా?" అన్నాడు. ఆకురాయేం ఖర్మ, ప్రాణం ఇవ్వనూ!

మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, "ఏనాడూ లేనిది నాన్నా నాన్నా అంటున్నాడు. ఏంటో చూసుకోండి" అంది.

ఈవిడకి అన్నీ అనుమానాలే అని రాయబోయాను. నాకూ ఉంది అనుమానం.

ఆగస్టు 5

లోపల స్ప్రింగు, దాని ముందు తోలు వాషరు. సైకిలు పంపులో ఉండేలాంటిదే. ఎండి అట్టయిపోయింది. కొత్త తోలు కోసి నూనెలో నానేశాం — ఇద్దరం! గొట్టం మీద సన్నటి అక్షరాలున్నాయి. వాసు భూతద్దం పెట్టి, ఫోనులో బొమ్మలతో పోల్చి పోల్చి, "జర్మనీది నాన్నా! ఈ అక్షరాలే దీనికి పుట్టుమచ్చ" అన్నాడు. ఎంత తెలివి నా బిడ్డకి!

కొనడానికి గుడివాడ నుంచి ఎవరో డాక్టరుగారు ఆదివారం వస్తారట. చూడకుండానే అంత తొందరేమిటో ఆయనకి.

ఆగస్టు 6

ఎంత పని చేశాను.

వాడు స్క్రూల కోసం బజారుకెళ్ళాడు. తళతళలాడిస్తే మురిసిపోతాడని గొట్టాన్ని గాజులకి మెరుగుపెట్టే బఫింగు చక్రానికి పట్టాను. జన్మంతా చేసిన పని, నలుపు కనిపిస్తే చెయ్యి ఆగదు.

"నాన్నా! ఆ నలుపే దాని వయసు! అక్షరాలేవి?"

వేలితో తడిమాను. నున్నగా... పసిపాప బుగ్గలాగా.

తిట్టలేదు. "పర్లేదులే" అన్నాడు. రేడియో స్టేషను మార్చానని వారం రోజులు మాట్లాడని మనిషి, పర్లేదులే అన్నాడు!

ఆగస్టు 7

నా పనిషెడ్డుకి లోపల గడియ. టక్... టక్... నా సుత్తి చప్పుడు నాకు తెలియదా?

"ఏంట్రా?"

"వాషరు బిగిస్తున్నా నాన్నా."

తోలు వాషరుకి సుత్తెందుకు?

ఆగస్టు 8

అక్షరాలు తిరిగొచ్చాయి.

అన్నీ! నలుపు కూడా పూశాడు. కానీ కొత్తగా దిగిన అచ్చుకి అంచు లేస్తుంది, వేలికి గరుకుగా తగులుతుంది. సుత్తితో అక్షరాలు కొట్టే నా ఉక్కు అచ్చుల డబ్బా తీసి చూశాను. తుప్పుపట్టిన వాటి మధ్య కొన్నిటి మొనలు మెరుస్తున్నాయి.

నేను పాడుచేశానని నేను బాధపడకుండా చేశాడా? డాక్టరుగారి కళ్ళు కప్పడానికా?

మా ఆవిడ: "మీకు సంతోషం కావాలా, సంగతి కావాలా?"

అడగలేకపోయాను. "టీ చల్లారిపోతోంది నాన్నా" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటకి కరిగిపోయాను.

ఆగస్టు 9

పేలింది! దివ్యంగా! పెరట్లో గోడ మీద అగ్గిపెట్టె పెడితే ఎగిరిపడింది. వాసు నా భుజం మీద చెయ్యేశాడు. ఎప్పుడేశాడు ఇదివరకు?

"రేపు డాక్టరుగారొస్తే నువ్వేం మాట్లాడకు నాన్నా. నేను చూసుకుంటా."

ఎందుకు మాట్లాడకూడదు?

మా నాన్న పొట్లం కట్టే ముందు "ఇది రోల్డుగోల్డండీ, బంగారం కాదు" అని నోటితో చెప్పేవాడు. మా చిలకలపూడి వచ్చి కొనేవాళ్ళకి ఆ మాత్రం తెలియదా? అయినా చెప్పేవాడు. నేనూ చెప్పాను, ప్రతి గాజుకీ, ప్రతి గొలుసుకీ. ఆ మాట అనకుండా నా చేతిలోంచి పొట్లం కదల్లేదు.

ఆగస్టు 10

డాక్టరుగారు వచ్చారు. వాసు తువ్వాలు పరిచి చూపించాడు. ఆయన భూతద్దం పెట్టారు. అక్షరాల మీద వేలితో రుద్దారు. ఆగారు. మళ్ళీ రుద్దారు. వాసుని కాదు, నన్ను అడిగారు.

"బాబాయిగారూ, మీరు ఈ ఊరి పనివారు కదండీ... ఈ అక్షరాలు అప్పటివేనంటారా?"

వాసు నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు తిరునాళ్ళలో నా వేలు వదిలేసి తప్పిపోయి, మళ్ళీ దొరికిననాడు చూసినట్టు.

"కాఫీ తెస్తానుండండి" అని లోపలికొచ్చేశాను. డికాక్షను దిగుతోంది. మా ఆవిడ నా మొహం ఓసారి చూసి, మళ్ళీ గ్లాసులు కడుగుతోంది. నిలబడే రాస్తున్నాను ఇదంతా. గుమ్మంలోంచి తువ్వాలు మీద పిస్టల్ కనిపిస్తోంది...

పొట్లం ఇంకా కట్టలేదు.