రాయి వెనక వేడినీళ్ళు

అమ్మా,

మీ ఊళ్ళో అగ్నిపర్వతం బూడిద రాలుతోందని రేడియోలో విన్నాను. కిటికీలు మూసుకుంటున్నావా? ఈ ఉత్తరం నాన్నకు మాత్రం చూపించకు.

గని రాళ్ళు పరీక్షించే నా షెడ్డు నిండా, డ్రిల్లుతో కొండలోంచి తొలిచి తీసిన రాతికడ్డీలే. తెల్లటి పలుగురాయిలో నల్లటి చారలు. బంగారమూ వెండీ ఆ నలుపులోనే ఉన్నాయి. ఈ పలుగుచారను ఒకప్పుడు పేర్చింది వేడినీళ్ళే. అవి ఇంకా చల్లారలేదని నా భయం. ఆడవాళ్ళు సొరంగంలోకొస్తే కొండదేవతకు కోపమట, అందుకని థర్మామీటరు నీ అల్లుడు ఇసావో చేతికిచ్చి పంపిస్తున్నాను. సొరంగం చివరి గోడ రోజురోజుకీ కాగుతోంది. పేల్చేముందు సన్నటి రంధ్రం వేసి వెనక నీళ్ళున్నాయేమో చూడమని మేనేజరు కురోకి గారిని బతిమాలాను. "చార చేతికందుతుంటే ఆగమంటావేంటమ్మా? నీ రాళ్ళు నువ్వు చూసుకో" అన్నారు. ఇసావో కూడా నవ్వేశారు. "వేడినీళ్ళుంటే మంచిదేగా, స్నానం చేసొస్తా" అన్నారు. రేపు పొద్దున ఆ గోడకు మందు పెట్టి పేల్చేది ఆయనే.

నీ చిజురు

అమ్మా,

ఆయన క్షేమం. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో.

ఆ పొద్దున నేను చేసిన పని చెబితే తిడతావు. ఆయన అన్నం గిన్నెలో సోయా ముద్దతో కాచిన మిసో పులుసంతా కుమ్మరించాను. పులుసు పోసిన అన్నం తిని గనిలో దిగితే సొరంగం మీద పడుతుందని ఇక్కడివాళ్ళ పట్టింపు. అలాంటివి విని పగలబడి నవ్వేదాన్ని నేనే. "మతి పోయిందా నీకు?" అని అరిచారు. తర్వాత నా మొహంలోకి చూశారు. కూర్చుని మెతుకు మిగలకుండా తినేశారు. ఆ గిన్నె చూసి దిగడం మానేస్తారనుకున్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

తిన్నగా సొరంగం దగ్గరికెళ్ళి, "ఒరేయ్, పులుసన్నం తినొచ్చాను. నాతో ఎవరొస్తారో రండి" అన్నారట. ఒక్కడూ కదల్లేదు. "నీ దుంప తెగ, మమ్మల్నీ చంపుతావా!" అని తిట్టిపోశారట. ఆ రోజుకు పేలుడు ఆగింది. చేసేదిలేక కురోకి గారు, ఈ పట్టింపులు లేని పట్నం డ్రిల్లింగువాళ్ళతో సన్నటి రంధ్రమే వేయించారు. మరిగే నీళ్ళు సొరంగం కప్పుదాకా ఎగజిమ్మాయి. వాల్వు బిగించి పరుగున బయటపడ్డారు.

"మీరు నమ్మింది పులుసునా, నన్నా?" అని అడిగాను. "నిన్నేనే. నీ మాట చెబితే వాళ్ళు నవ్వేవాళ్ళు. అందుకే తిన్నాను" అన్నారు. నాకు ఏడుపాగలేదు.

నీళ్ళు తోడేశాక అదే గోడ దగ్గర మళ్ళీ పనట. "ఎప్పుడు దిగొచ్చో ఇక నువ్వే చెప్పమ్మా" అన్నారు కురోకి గారు. మొన్నటిదాకా నా మాట ఎవరూ వినరని భయపడ్డాను. ఇప్పుడు నేను ఊఁ అంటే చాలు, అందరూ దిగుతారు. ముందు దిగేది ఇసావోనే. నేను పొరపడితే ఎలాగమ్మా?

నీ చిజురు