కోబినా అర్హిన్ చుట్టకుదురు

అపామ్ రేవు, ఘనా
మార్చి 3, 1981

ప్రియమైన ఎకువాకు, ఎసిల్ఫీ బాబాయి ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్నకు రేవు ఒడ్డున విగ్రహం లేస్తోంది తల్లీ. బర్మా యుద్ధానికి ఇక్కడినుండి పోయినవారిలో తొలి గౌరవం అతనికే దక్కాలని ఊరంతా ఒక్కమాట మీద ఉంది. ఏప్రిల్ ఇరవై ఒకటి, మంగళవారం ఆవిష్కరణ. మన ఆచారం ప్రకారం మంగళవారం పడవలు కడలిలోకి పోవు. మంగళవారం పుట్టినవాడు కనుకనే కదా అతడు కోబినా! శిల్పి చేతికి తుపాకి అమర్చాడు. తెర నీవే తీయాలి. అతని పటం గాని, సైనికవస్త్రం గాని ఉంటే పంపు.

నీ మేలు కోరే
క్వేకు ఎసిల్ఫీ

కుమాసి
మార్చి 15

గౌరవనీయులైన బాబాయి గారికి నమస్కారాలు.

నాన్న పెట్టె తెరిచాను. తుపాకితో పటం లేదు. సైన్యం ఇచ్చిన విడుదల కాగితంలో 'బరువులు మోయువాడు' అని ఉంది. అడుగున, బరువు కింద నెత్తిన పెట్టుకునేందుకు ఖాకీ చొక్కా చింపి చుట్టిన చుట్టకుదురు. అంతే.

బడిలో పిల్లలు "నెత్తితో యుద్ధం చేసిన సిపాయి కూతురు వస్తోందర్రా!" అని ఏడిపించేవారు. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న నవ్వి, "నెత్తి లేకుండా చేసే యుద్ధం కంటే నయమే కదే!" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆయన పట్టని తుపాకి ఆయన చేతిలో ఉంటే నేను తెర తీయను. నిజం విని ఊరు నవ్వితే తట్టుకోలేను. పని ఆపించండి.

మీ ఎకువా

అపామ్ రేవు
మార్చి 29

ప్రియమైన తల్లీ,

తుపాకి మోసినవాణ్ణి నేను. కొండదారుల్లో మీ నాన్న వెనుకే నడిచాను. నేను పేల్చిన ప్రతి గుండూ అతని తలమీద వచ్చినదే. విగ్రహానికి తుపాకి పెడుతుంటే పెదవి విప్పని దోషమూ నాదే. అందుకే వలలు బాగుచేసుకునే వేళ నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను.

పడవవాడొకడు కిసుక్కున నవ్వాడు. చేపలమ్మే ఆడవాళ్ళ పెద్ద ఎసీ మన్సా గంప దించి వాడిమీదికి లేచింది. "ఎందుకురా ఇకిలిస్తావ్? నువ్వు పట్టిన చేప సంతకి నడిచిపోతుందా? మా నెత్తెక్కి కాదూ పోయేది!"

శిల్పినీ విడువలేదు. "అదేం మెడయ్యా, కోడిమెడలాగ! బరువెత్తిన మెడ ఇలా ఉంటది, చూసి చెయ్యి" అని తానే గంపెత్తుకుని ఒక పూటంతా నిలబడింది.

తుపాకి తీసివేశారు. తల ఖాళీగా ఉంచారు. ఆ చుట్టకుదురు తెచ్చి నీ చేతులతో పెట్టు. పిమ్మట అద్దాలపెట్టె కట్టించి భద్రపరుస్తాను. బరువెత్తిన తల వంగదమ్మా. వంగితే బరువు నిలువదు. ఇన్ని గ్రంథాలు చదివీ ఇది నాకు ఇప్పుడు తెలిసింది.

నీ రాకకు ఎదురుచూసే
బాబాయి

కుమాసి
ఏప్రిల్ 24

ప్రియమైన బాబాయి గారికి,

మంగళవారం మీరంతా చూసిందే. బుధవారం సంగతి మీకు తెలియదు. బస్సెక్కే ముందు నాన్నను చూడబోతే తలమీద కుదురు లేదు! వెదుకుతూ సంతదాకా పరుగెత్తాను. ఎసీ మన్సా గంప కింద ఉంది, చేపనీళ్ళు కారుతూ.

"అది మా నాన్నది పిన్నీ!" అని అరిచాను.

"నాది చీకిపోయిందే. అయినా మీ నాన్న ఉన్నన్నాళ్ళూ అది ఒక్క పూటైనా ఖాళీగా ఉందా? సాయంత్రం పెట్టేస్తాలే. రేపు అబా వంతు."

ఏం తోచిందో, ఆమె గంప అందుకుని, ఆ కుదురుమీదే పెట్టుకుని సంత చివరిదాకా నడిచాను. వెనుక ఎవరో "ఎవరే ఆ పిల్ల?" అన్నారు.

ఎసీ మన్సా సంతంతా వినపడేలా చెప్పింది. "నెత్తితో యుద్ధం చేసిన సిపాయి కూతురు!"

నేను తల వంచలేదు. గంప ఉందిగా!

అద్దాలపెట్టె కట్టించకండి, బాబాయి గారూ. ఇవాళ ఎవరి వంతో!

కోబినా అర్హిన్ కూతురు
ఎకువా