చేప నోరు కోసే యంత్రం

స్ఫాక్స్ నుంచి,

మోంజియా, నా వేళ్ళన్నీ ఉన్నాయి, దిగులు పడకు. మన పెరటి తలుపు ఒక పక్కకు ఒరిగి ఉంటే, దాని బందు నా దగ్గరుంది.

మా చెల్లెలు జోహ్రా మూడు చక్రాల బండి అతుకు దగ్గర మళ్ళీ విరిగింది. "అన్నయ్యా, నువ్వు అతికిన బండి కంటే నా అవిటి కాలే నయం, ఇంకా ఊడిపోలేదు" అంది. గొట్టం మీద గొట్టం సరిగ్గా కూర్చోకపోతే ఎంత వెల్డింగు పోసినా అంతే. మా నాన్న చేసిన ఇనప మంచాలూ అలాగే కూలేవి. పెళ్ళయిన కొత్తలో మనం పడ్డది అలాంటి దాని మీంచే, సరే, అది కార్డులో రాసే సంగతి కాదు.

అందుకని ఒక యంత్రం కట్టాను. గొట్టాన్ని చెక్కకు బిగించి, ఆ చెక్కను మన తలుపు బందు మీద కావలసినంత వాలుకు తిప్పితే, పాత డ్రిల్లింగ్ మిషనుకు తగిలించిన గిన్నెలాంటి గుండ్రటి రంపం గొట్టం చివరను చేప నోరులా కోస్తుంది. ఆ నోరు రెండో గొట్టాన్ని కరుచుకుని కూర్చుంటుంది. నిన్న బండి అతికాను, నిలిచింది.

మేక ఈనిందా? హరీసా కారం ఒక సీసా పంపు, ఇక్కడిది చప్పగా ఉంది. నేనొచ్చేదాకా తలుపుకు రోలు ఆనించు. మనవలకు దీవెనలు.

జోహ్రా నీకు సలాం రాయమని చెప్పి, ఎవరి సాయమూ లేకుండా బండెక్కి వెళ్ళింది. ఎక్కడికే అంటే, "నీకెందుకన్నయ్యా?" అంది.

తాహెర్