రేకుగోడ మీద పసుపు గీత

మే 6, ఆదివారం

చలికాలం తర్వాత ఇవాళే కారు బయటికి తీశాం. వెర్నా నడిపింది. వీధి చివర సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. ఎడమ కాలితో క్లచ్ కిందిదాకా తొక్కలేకపోయింది. రెండోసారి మోకాలి మీద చెయ్యి ఆనించి నొక్కింది. వెనకవాడు హారన్ కొడితే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఇక్కడ రాయకూడని వేలు చూపించింది. తర్వాత నావైపు తిరిగి, సీటు మారదాం హార్లన్, నావల్ల కావడం లేదు అంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట తన నోట వినడం ఇదే మొదలు.

జబ్బు పేరు మార్చిలోనే తెలిసింది. కండరాలు ఒక్కొక్కటే పనిచెయ్యడం మానేస్తాయట. ఎంత త్వరగా అనేది చెప్పలేమన్నాడు డాక్టరు.

ఈ కారు, 1970 ఓల్డ్స్‌మొబిల్ 442, తనది. పందొమ్మిదేళ్ళప్పుడు, ఇక్కడే లాన్సింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తన జీతంతో కొనుక్కుంది. నేను ఆ తర్వాత వచ్చినవాణ్ణి. ఏటా జూన్‌లో గ్రాండ్ హేవెన్‌లో సరస్సు గట్టుదాకా నడుపుకుంటూ వెళ్తుంది. నూరు మైళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది గానీ స్టీరింగ్ ఇవ్వదు. ఇవాళ భోజనాల దగ్గర చెప్పింది. ఈ ఏడు ఒక్కసారి నడిపేస్తే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అని.

మే 8

ఫ్యాక్టరీ నాటి స్నేహితుడు లీరాయ్‌కి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి. ఆలివ్ బర్గర్లు పట్టుకుని వచ్చాడు, ఒకటి తింటూ కారు కిందికి దూరాడు. ఈ ఇనుప కడ్డీలన్నీ పీకి పారేసి హైడ్రాలిక్ క్లచ్ పెట్టు, పెడల్ సగానికి సగం తేలికైపోతుంది అన్నాడు.

చిక్కల్లా ఒకటే. పెడల్ నొక్కితే నూనెని తోసే మాస్టర్ సిలిండర్ బిగించాలంటే ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకుగోడకి చిల్లు పెట్టాలి. సరిగ్గా అక్కడే పసుపు గీత ఉంది. ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాళ్ళు క్రేయాన్‌తో గీసిన గీత. నలభై ఎనిమిదేళ్ళయినా చెదరలేదు. పాత కార్ల క్లబ్బు పోటీల్లో జడ్జీలు టార్చి వేసుకుని మరీ చూస్తారు దాన్ని.

చిల్లు అక్కర్లేకుండా, ఉన్న బోల్టులకే పట్టే బ్రాకెట్ ఒకటి ఉందట. ఒహాయోలో ఒకాయన ఆర్డర్ మీద చేస్తాడు. మూడు వారాలు.

వెర్నా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. చిల్లు పెట్టెయ్యండయ్యా అంది. ఆ గీతలు మేం శుక్రవారం సాయంత్రం ఇళ్ళకి పరిగెత్తే తొందరలో గీకి పడేసినవి, వాటికి దణ్ణాలు పెడతావేంటి అంది నాతో. లీరాయ్ పడీపడీ నవ్వాడు.

మూడు వారాలే కదా అన్నాను. ఆర్డర్ ఇచ్చాను.

మే 13

గేర్‌బాక్స్ దించాం. లోపల కొత్త బేరింగ్ పెట్టాం. సందు మూడుసార్లు కొలిచాను. లీరాయ్ ఒక్కసారి చాలన్నాడు. ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు చేసినవాడికి ఒక్కసారి ఎప్పుడూ చాలదు. గేర్‌బాక్స్ మళ్ళీ ఎక్కించేశాం. ఇక మిగిలింది బ్రాకెట్టే.

మే 19

వెర్నా చేతిలోంచి కాఫీ కప్పు జారింది. కప్పు పాతదే, పోతే పోయింది అంది. నేను తుడిచాను.

మే 27, ఆదివారం

ఇవాళ తను గరాజ్‌లోకి వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. స్టూల్ మీద కూర్చుని, చిల్లు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగింది. ఇరవై నిమిషాలు అన్నాను. అయితే నాకో ఇరవై నిమిషాలు ఇవ్వలేవా అంది. వేళాకోళంగానే అంది.

ఈ వారంలో బ్రాకెట్ వచ్చేస్తుంది, ఇంతదాకా ఆగాం కదా అన్నాను.

నిజం రాసుకోవాలి. పదిహేడేళ్ళుగా ఈ కారుకి నకలు బోల్టు ఒక్కటి వెయ్యలేదు. రేకుగోడకి ఒకసారి చిల్లు పెడితే ఇక ఎవరూ దాన్ని పూడ్చలేరు. కారు తనదే, కానీ ఆ గోడ గురించి నాకే ఎక్కువ తెలుసు అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం డ్రిల్ మెషిన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. గీత మీద మొన పెట్టాను. మళ్ళీ తీసేశాను.

జూన్ 4

పెట్టె వచ్చింది. తప్పు బ్రాకెట్. పవర్ బ్రేకులున్న కారుకి చేసింది. మాకు అవి లేవు. ఫోన్‌లో ఒహాయో ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంకో రెండు వారాలన్నాడు.

లీరాయ్ ఈసారి నవ్వలేదు. హార్లన్, నీకు మతి ఉందా, ఆ అమ్మాయిని చూస్తున్నావా లేదా అన్నాడు. అరవై ఏడేళ్ళ మనిషిని అమ్మాయి అంటాడు వాడు, ఫ్యాక్టరీ రోజుల నుంచీ అంతే. ఇటివ్వు ఆ డ్రిల్, నేను పెడతాను చిల్లు అన్నాడు.

ఇవ్వలేదు. నా గరాజ్‌లో నాకు చెప్పక్కర్లేదు అన్నాను. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 11

వెర్నా ఇవాళ మెట్లు దిగలేదు.

జూన్ 20

సరైన బ్రాకెట్ వచ్చింది. చేత్తో పట్టుకుంటేనే తెలిసింది, మంచి పనివాడు. ఉన్న బోల్టులకే ఎక్కింది. గీత గీతలాగే ఉంది. లీరాయ్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఎంతవరకు వచ్చింది అని అడిగాడు, అంతే.

జూన్ 22, శుక్రవారం. సాయంత్రం 4

ఇవాళ క్లచ్ నూనె గొట్టాల్లోంచి గాలి తీసే పని. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద స్క్రూ వదులు చేసి బిగించాలి. నేను నొక్కుతాను అంది వెర్నా. ఎత్తుకుని తెచ్చి సీట్లో కూర్చోబెట్టాను. ఎంత తేలికైపోయింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి, అబ్బ అంది.

నేను కిందికి దూరాను. నొక్కు అన్నాను. నొక్కాను అంది. స్క్రూ తిప్పాను. నూనె చుక్కచుక్కగా కారింది తప్ప చిమ్మలేదు. బిగించి, వదులు, మళ్ళీ నొక్కు అన్నాను. మళ్ళీ అంతే. గాలి ఇంకా ఉందనుకున్నాను. సిలిండర్‌లో సీల్ పోయిందేమో అనుకున్నాను. పది పన్నెండుసార్లు చేశాం. చివరికి విసుక్కున్నాను కూడా. గట్టిగా నొక్కమంటే నొక్కవేం, చెప్పింది సరిగ్గా చెయ్యి అన్నాను.

నొక్కుతూనే ఉన్నానురా అంది.

బయటికి వచ్చి చూశాను. ఎడమ పాదం పెడల్ మీద ఉంది. ఊరికే, పెట్టినచోట. మోకాలి మీద రెండు చేతులూ ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా వేస్తోంది. ముఖమంతా చెమట. పెడల్ వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. ఆ కాలు పోయింది. బహుశా వారం కిందటే పోయింది. నాకు చెప్పలేదు.

అప్పుడే లీరాయ్ వచ్చాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వెర్నా పాదం పక్కనే చెయ్యి పెట్టి పెడల్ నొక్కాడు. నేను కిందికి వెళ్ళి స్క్రూ తిప్పాను. నూనె చిమ్మి నా కళ్ళల్లో పడింది. నాలుగోసారికి పని అయిపోయింది. కిందనే కాసేపు పడుకుండిపోయాను. నూనె మండుతోందని చెప్పాను వాళ్ళకి.

జూన్ 24

పద, గ్రాండ్ హేవెన్ వెళ్దాం, నేను నడుపుతాను అన్నాను. నువ్వు నడిపితే నేను రాను అంది.

జూలై 1

ఇవాళ మనసులో ఉన్నదంతా అనేసింది. మాట కూడా కొంచెం ముద్దగా వస్తోంది, అయినా ఆపలేదు. మే నెలలో అయితే ఈ తేలిక పెడల్ నొక్కగలిగేదాన్ని, నీకు తెలుసు అంది. నువ్వు జడ్జీలకి భయపడ్డావు, నాకు భయపడలేదు అంది. ఒక్క చిల్లు, హార్లన్, నేను అడిగింది ఒక్క చిల్లు అంది.

తెలియదని చెబుదామనుకున్నాను. తెలుసు. మే ఇరవై ఏడున గోడ పట్టుకుని వచ్చినప్పుడే తెలుసు. అదే చెప్పాను. ఏడ్చాను. తను ఏడవలేదు. సూప్ వేడి చెయ్యి, చల్లారిపోయింది అంది.

ఆగస్టు 18, శనివారం

క్లబ్బు నుంచి ఒకాయన కారు చూడ్డానికి వచ్చాడు. వెర్నా తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఆయన బానెట్ ఎత్తి, టార్చి వేసి, రేకుగోడ అంతా వెతికాడు. ఒక్క చిల్లు కూడా పెట్టకుండా హైడ్రాలిక్ ఎక్కించారా, ఏం ఓపికండీ మీది అన్నాడు. ఎన్నాళ్ళు పట్టిందండీ అని అడిగాడు.

నలభై ఐదు రోజులు అన్నాను.

అంతేనా అన్నాడు.