రెట్టింపు రాయించిన ఇల్లు

బచేలి, శుక్రవారం రాత్రి

గాలివానకు ముందుగది రేకులు ఎగిరిపోయి వారమైంది. ఇవాళ బీమా సర్వేయర్ వచ్చి చూసి, "అంకుల్‌జీ, మీకేం రాదు" అన్నాడు. గాలివాన నష్టంలో మొదటి వాటా ఇంటివాడే భరించాలట. ఆ వాటాను పోయిన రేకులను బట్టి కాదు, పాలసీలో రాయించిన ఇంటి విలువను బట్టి లెక్కగడతారట. పక్కింటి ముత్తయ్య కంటే గొప్పగా కనబడాలని, అచ్చం అతని ఇంటిలాంటి నా ఇంటికి రెట్టింపు విలువ రాయించాను. ఇప్పుడు నా వాటా రేకుల ఖరీదును దాటిపోయింది. అన్నే రేకులు పోయిన ముత్తయ్యకు మాత్రం ఎంతో కొంత వస్తుంది.

గనిలో నా ప్రమోషన్‌కు అడ్డుపడ్డ ఆ ముత్తయ్యే గోడ మీంచి నవ్వాడు. "ఏంది సారూ, గన్ని పుస్తకాలు చదివినవ్, ఆ పాలసీ రెండో పేజీ చదవలేదా?"

చదవలేదు. సంతకం పెట్టాను.

సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. నా పుస్తకాల బీరువాలన్నీ ముందుగదిలోనే ఉన్నాయి. అడక్కుండానే ముత్తయ్య తన టార్పాలిన్ తెచ్చి ఆ గది పైన కప్పి, తాళ్ళు బిగించి వెళ్ళాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు వాన పడుతోంది. ఇరవై ఏళ్ళుగా అతన్ని తిడుతూ రాసుకున్న డైరీలన్నీ ఆ టార్పాలిన్ కింద పొడిగా ఉన్నాయి.