గడియ పడని తలుపు

చీఫ్ ఆర్కిటెక్ట్ గారికి,

నమస్కారం. క్షమాపణ రాసి పంపమన్నారు. పంపను.

చక్రాల కుర్చీవాళ్లకు వీలైన భవనాలు ఎలా గీయాలో నేను మీకు నేర్పిన మొన్నటి శిక్షణలో, మిమ్మల్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, మీరే గీసిన టాయిలెట్‌లోకి వెళ్లమన్న మాట నిజమే. కుర్చీ లోపలికి పట్టింది. కానీ లోపలికి తెరుచుకునే తలుపు పెట్టారు కదా, కుర్చీ అడ్డమొచ్చి అది మూసుకోలేదు. బయట మీ ఇంజినీర్లందరూ చూస్తున్నారు. "నలుగురిలో నా పరువు తీస్తావేంటమ్మా!" అని కేకలేశారు.

బట్టలన్నీ ఒంటిమీద ఉండగానే అంత సిగ్గుపడ్డారు. మాకు ఆ సదుపాయం లేదు సార్.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. నేను లోపలికెళ్లి గడియ పెట్టుకోగలిగిన రోజున మీ శిక్షణ సర్టిఫికెట్ మీద సంతకం పెడతాను.

ఇట్లు,
ఆ కుర్చీ సొంతదారు